ఐదు పాయింట్ తొమ్మిది అంగుళాల నేరం

గంగవలస జిల్లా కొలతల పరిరక్షణ శాఖలో పనిచేసేవాళ్ళకి పెళ్ళిభోజనానికి వెళ్ళినా గరిటె లోతు మీదే కన్నుంటుంది. అది వాళ్ళ తప్పు కాదు. కిరాణా కొట్ల తక్కెడలు, బట్టల షాపుల మీటరు బద్దలు, నూనె కొలిచే డబ్బాలు పరీక్షించడం, సరిగ్గా ఉన్నవాటి మీద ముద్ర కొట్టడం, తక్కువ ఉన్నవాటిని జప్తు చేసి, పంచనామా రాసి, సమ్మెటతో పగలగొట్టించడం వాళ్ళ ఉద్యోగం. కొలతకి అందేదంతా తమ పరిధిలోదే అని వాళ్ళ నమ్మకం. అందనిది కూడా ఒకటుంటుందని వాళ్ళకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

అందుకే, ఉద్యోగులందరూ ఇకమీదట సెల్‌ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలని పై నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, మిగతా ఆఫీసులు యాప్ దించుకుని ఊరుకుంటే, ఈ ఆఫీసు ఆలోచనలో పడింది. వారం ఆలోచించాక సర్క్యులర్ వెలువడింది.

"ఉద్యోగి హాజరును నమోదు చేయు ఫోన్, ప్రభుత్వ కాలమును కొలుచు పరికరమగుచున్నది. కావున సదరు పరికరమును పరీక్షించి ముద్ర వేయనిదే వాడరాదు. తెర ఐమూలగా కనీసము ఆరున్నర అంగుళములు ఉండవలెను. అంతకు తగ్గిన తెరపై ఉద్యోగి ముఖము తగ్గి కనిపించును. తగ్గిన ముఖము తగ్గిన హాజరుగా పరిగణింపబడును."

సీనియర్ అసిస్టెంట్ మండపాక సోమయాజులు గారు ఆ సర్క్యులర్‌ని తన ఫోన్‌లోనే చదివారు. కళ్ళకి ఆనేలా అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఆ తెర మీద వరుసకి రెండు మాటలే పడతాయి. అంచేత 'పరిగణింపబడును' దాకా చేరడానికి బొటనవేలితో చాలా దూరం ప్రయాణించాల్సి వచ్చింది. చేరాక, ఫోన్‌ని జేబులో పెట్టుకుని, జేబుని ఒకసారి పైనుంచి తడిమి చూసుకున్నారు.

ఆ జేబు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. సోమయాజులు గారి భార్య కనకవల్లి పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన చొక్కాలు ఆవిడే కుట్టింది. చివరిసారి ఒకే తానులోంచి ఆరు చొక్కాలు కోసి కుట్టింది. జేబులు మాత్రం ఎప్పటిలాగే చిన్నవి పెట్టింది. "జేబు పెద్దదైతే ఊరి చెత్తంతా మోసుకొస్తారు మీరు," అనేది. తర్వాత పాత ఫోన్ పాడైతే ఆయన ఆ చొక్కాతోనే షాపుకి వెళ్ళి, ఒక్కో ఫోన్‌నీ జేబులో పెట్టి చూసుకున్నారు. అన్నీ గోడమీంచి తొంగిచూసే పొరుగువాళ్ళలా సగం బయటికే ఉన్నాయి. చివరికి షాపు ఆవిడ అద్దాల బీరువాలోంచి ఒక చిన్నది తీసింది. పెద్దవాటిలో ఉన్నవన్నీ దీన్లో ఉన్నాయంది. ధర మాత్రం వాటికంటే ఎక్కువ చెప్పింది.

"చిన్నదానికి ఎక్కువేమిటమ్మా?"

"అన్నిటినీ అంత చోటులో సర్దాలి కదండీ."

ఒంటిగది ఇంట్లో కాపురం మొదలుపెట్టిన మనిషి కాబట్టి ఆ మాట ఆయనకి న్యాయంగానే తోచింది. ఫోన్ జేబులోకి వెళ్ళి, కనిపించకుండా కూర్చుంది.

దానికి లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి బ్యాటరీ చల్లగా జారుకుంటుంది. ఎండలో పది నిమిషాలు మాట్లాడితే అప్పుడే దించిన గిన్నెలా కాలుతుంది. మీటలు మరీ దగ్గరగా ఉండటంవల్ల ఒకసారి ఆఫీసు గ్రూపులో 'చిత్తం' అని పెట్టబోయి 'చింతపండు' అని పెట్టారు. పై అధికారి ఏ దస్త్రం గురించి అని అడిగారు. అయినా ఆయనకి ఫిర్యాదు లేదు. ఒంటి చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది. పడుకుని చదువుతూ కునుకు తీస్తే ముక్కు మీద పడినా ముక్కు మిగులుతుంది. ఈ వయసులో ఇంతకంటే దయగా ఉండే వస్తువులు ఎన్నుంటాయి?

*

పరీక్ష రోజున పద్నాలుగు మంది సిబ్బందీ ఫోన్‌లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. జూనియర్ అసిస్టెంట్ రెహానా ఇత్తడి స్కేలుతో కొలుస్తోంది. జిల్లా నియంత్రణాధికారి త్రివిక్రమరావు గారు కుర్చీలో కూర్చుని అంకెలు వింటున్నారు. ఆయన ఫోన్ ఆరు పాయింట్ తొమ్మిది. అది బల్లమీద పీటలా పడి ఉంది.

సోమయాజులు గారి వంతు వచ్చింది. రెహానా రెండుసార్లు కొలిచింది.

"ఐదు పాయింట్ తొమ్మిది సార్," అంది లోగొంతుకతో.

"గట్టిగా చెప్పమ్మా. రికార్డులోకి ఎక్కాలి."

"ఐదు పాయింట్ తొమ్మిది సార్!"

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీశారు. "సోమయాజులు గారూ, వ్యక్తిగతంగా మీరంటే నాకు చాలా గౌరవం. కానీ అంగుళం అంగుళమే. నూటికి తొమ్మిది పాయింట్ రెండు తక్కువొచ్చింది. అంటే ఏడు గంటల డ్యూటీలో రోజుకి ముప్పై తొమ్మిది నిమిషాలు మీరు ఆఫీసుకి రావట్లేదన్నమాట."

"ఇక్కడే ఉంటున్నానండి."

"మీరుంటున్నారు. మీ ముఖం పూర్తిగా ఉండట్లేదు."

సోమయాజులు గారు చెంప తడుముకున్నారు.

"ఆ ముప్పై తొమ్మిది నిమిషాలూ రోజూ సాయంత్రం అదనంగా కూర్చుని భర్తీ చెయ్యండి. నెల గడువిస్తున్నాను. ఈలోగా ప్రమాణానికి తగిన ఫోన్ తెచ్చుకోకపోతే ఇది జప్తు, పంచనామా, ధ్వంసం. నన్నేం అనుకోకండి, రూలు నాది కాదు."

"ఎవరిదండీ?"

"రాసింది నేనే. కానీ శాఖ తరఫున రాశాను."

తరవాత ముద్రల కార్యక్రమం. ముద్ర కొట్టేది అటెండరు పైడమ్మ. ముప్పై ఏళ్ళుగా ఇనపరాళ్ళ మీద ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో ఒకే దెబ్బ వేస్తుంది. ఆవిడ దెబ్బకి అక్షరం చెదరడం ఎవరూ ఎరగరు. మొదట అధికారి గారి ఫోన్‌ని బోర్లా పెట్టారు. పైడమ్మ అచ్చు పట్టుకుని ఆగింది.

"బాబుగారూ, ఇది అద్దం కదేటి. కొట్టీమంటారా?"

"నిబంధన ప్రకారం కొట్టు."

"రాయికి కొట్టినట్టేనా?"

"రాయికో రకం, ఫోన్‌కో రకం ముద్ర ఉండదు పైడమ్మా. చట్టం ముందు అన్నీ సమానం."

పైడమ్మ కొట్టింది. ఫోన్ ఒకసారి తెల్లబడి, ఆకుపచ్చబడి, నల్లబడింది. త్రివిక్రమరావు గారు దాన్ని వెలుగులోకి ఎత్తి పరీక్షగా చూశారు.

"ముద్ర స్పష్టంగా పడింది. తర్వాత?"

సాయంత్రానికి పదమూడు ఫోన్‌ల మీదా ముద్రలు స్పష్టంగా పడ్డాయి. చివరి రెండూ కొనఊపిరితో ఉండి తెల్లారేసరికి పోయాయి. ఆఫీసు మొత్తానికి ప్రాణంతో మిగిలింది ముద్రకి అర్హత లేని ఆ చిన్నఫోన్ ఒక్కటే.

*

మర్నాడు పదింటికి హాజరు వెయ్యాలి. పదీ పావుకి యాప్ మూసుకుంటుంది. త్రివిక్రమరావు గారు ఐదు నిమిషాల్లో మెమో తయారు చేశారు. "అర్హత గల పరికరములు తాత్కాలికముగా నిర్జీవ స్థితిలో నున్నందున, అర్హత లేని పరికరమును అర్హత గలదానివలె వాడుకొనుటకు అనుమతించడమైనది."

ముఖం తగ్గకూడదు కనక ఒక్కొక్కరూ తెరకి బెత్తెడు దూరంలోకి వచ్చి ముఖం పెట్టారు. అధికారి గారిది మీసం, ఒక ముక్కుపుటం నమోదయ్యాయి. యాప్ దాన్ని కూడా ఒప్పుకుంది. మిగతా ఆఫీసుల పెద్ద పెద్ద ఫోన్‌లలో పావుగంట గిరగిరా తిరిగే ఆ యాప్, ఈ చిన్నదాంట్లో చిటికెలో పని ముగించింది. పద్నాలుగు ముఖాలు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. పైడమ్మ తడిగుడ్డ మీద పెట్టి దాన్ని చల్లార్చింది.

చిక్కు సాయంత్రం వచ్చింది. వెళ్ళేటప్పుడు కూడా ముఖం చూపించాలి. మూడింటికే బ్యాటరీ పోయింది.

"ఛార్జింగ్ పెడదామా సార్?" అంది రెహానా.

"వైరు తగిలించా?" త్రివిక్రమరావు గారు నిర్ఘాంతపోయారు. "పరీక్ష సమయంలో తక్కెడకి తాడుగానీ, దారంగానీ తగిలి ఉండరాదని మొదటి పాఠంలోనే చదివాం కదమ్మా. ఆఫీసు వేళల్లో వైరు తగిలిందా, కొలత చెల్లదు."

ఇక మిగిలింది ఒకటే దారి. ఐదింటికి బ్యాటరీ రాలేకపోతే, ఐదింటినే బ్యాటరీ దగ్గరకి తీసుకురావాలి. మర్నాటి నుంచి ఆఫీసు గుమ్మం మీద కొత్త బోర్డు వేలాడింది. 'పనివేళలు: ఉదయం పది నుంచి బ్యాటరీ వరకు.'

తూకం రాళ్ళు పట్టుకుని వచ్చిన వర్తకులు బోర్డు చదివి, "నేడెంతుందండీ?" అని కిటికీలోంచి అడిగేవారు. "ముప్పై శాతం. తొందరగా రండి," అని లోపల్నుంచి జవాబొచ్చేది. రెండూ నలభైకి అందరూ ముఖాలు చూపించి ఇళ్ళకి వెళ్ళేవారు. సోమయాజులు గారు మాత్రం కూర్చునేవారు. తక్కువ కొలత శిక్ష ఆయనకింకా అమల్లోనే ఉంది. ఆ ముప్పై తొమ్మిది నిమిషాలు ఆయనకి బాగుండేవి. మాటల్లేని ఆఫీసులో ఫ్యాను చప్పుడు వినపడేది. పైడమ్మ టీ పెట్టి తెచ్చి, వసారాలో కూర్చుని కోడలి మీద నేరాలు చెప్పేది. శిక్ష వేసినవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిదని ఆయన అనుకునేవారు.

నెల తిరిగేసరికి రాష్ట్ర కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. రాష్ట్రమంతటిలో అతి తక్కువ వ్యవధిలో నూరు శాతం హాజరు సాధించిన జిల్లా గంగవలస. కారణం ఏమిటో విచారించి తెలపమన్నారు. త్రివిక్రమరావు గారు విచారించి, ఐదు పాయింట్ తొమ్మిది అంగుళాల తెర కారణమని తెలిపారు. పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజు ఆయన సోమయాజులు గారిని పిలిచి, లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"మీ ఫోన్‌ని రాష్ట్ర ప్రామాణిక పరికరంగా ప్రకటించారు."

"మొన్న తక్కువ కొలతన్నారు కదండీ?"

"మొన్న కొలతే ఎక్కువుంది. సవరించారు. ఇప్పుడు మిగతా ఫోన్‌లన్నీ అధిక కొలత నేరం కిందికి వస్తాయి."

"సంతోషమండీ. అయితే జప్తు లేనట్టే?"

"ఛ ఛ, జప్తు ఏమిటండీ! ప్రతిష్ఠ!" త్రివిక్రమరావు గారి కళ్ళు చెమర్చాయి. "ప్రామాణిక కిలోరాయి పక్కనే మఖమల్ మీద పెట్టి, గాజు మూత వేసి, రెండు తాళాలు వేస్తాం. చేత్తో ముట్టుకోరాదు. చెమట తగిలితే బరువు మారుతుంది."

సోమయాజులు గారి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. "ఎన్నాళ్ళండీ?"

"ప్రమాణానికి రిటైర్మెంట్ ఉండదు సోమయాజులు గారూ. మీకే ఉంటుంది."

"అది నా సొంత ఫోనండీ."

"అందుకే మిమ్మల్నే సంరక్షకుడిగా నియమించాం."

అదే రోజు పూలదండ వేసి ఫోన్‌ని ప్రమాణాల గదిలో పెట్టారు. ప్రామాణిక పరికరాన్ని రోజువారీ పనికి వాడరాదు కనక హాజరు మళ్ళీ కాగితం పుస్తకంలోకి వచ్చింది. ఆఫీసు మళ్ళీ ఐదింటిదాకా నడవడం మొదలైంది. గాజు మూత కింద ఫోన్ రెండో రోజుకి ఆరిపోయింది. దానికి ఎవరూ కంగారు పడలేదు.

*

రెహానా జాలిపడి ఇంట్లో ఉన్న పాత ఫోన్ ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆరు పాయింట్ ఏడు. సోమయాజులు గారు దాన్ని జేబులో సగం దోపుకుని, కింద పడ్డ కలం తీసుకోవడానికి వంగారు. ఫోన్ నేలమీద పడలేదు. జేబు మూలని పట్టుకుని వేలాడింది. టప్‌మని రెండు కుట్లు తెగాయి.

ఆయన నిలబడి, తెగిన దారప్పోగుని వేళ్ళతో పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

"అయ్యో సార్! జేబులు మార్పించేసుకోండి. మా వీధి టైలరు ఉన్న జేబు ఊడదీసి పెద్దది వేసేస్తాడు. అరగంట పని," అంది రెహానా.

"చూద్దాంలే అమ్మా," అన్నారు. ఆ ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

ఆవేళ టీ తెచ్చినప్పుడు పైడమ్మ ఆ జేబు మూల చూసింది. "అమ్మగారి కుట్టు కదా బాబూ," అంది. కాసేపు ఇద్దరూ టీ తాగారు.

అప్పుడు సోమయాజులు గారు సంరక్షకుడి రిజిస్టరు తెరిచి, ఎవరితోనో కానట్టుగా అన్నారు. "రోజూ నింపుతున్నాను పైడమ్మా. పొడవు, వెడల్పు, మందం, బరువు. మూత పగుళ్ళు, తాళం సీలు. మొత్తం ఆరు గడులు. అది ఫోనా కాదా అనే గడి మాత్రం లేదు."

"అయితే సెక్కముక్కెట్టినా ఒకటేనేటి?"

చెంప మీద చెయ్యి పెట్టుకుని ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆలోచించినంతసేపూ ఆయన తప్పా ఒప్పా అని ఆలోచిస్తున్నారని పైడమ్మ అనుకుంది.

"బరువు తూగదు," అన్నారు చివరికి.

"మా తమ్ముడు టేకు మంచాలు సేస్తాడు. సెక్క మాపటికి తెచ్చీగలను. తూకం మీరు సూసుకోండి."

బోలు రాళ్ళలోంచి సీసం తీసేసి తక్కువ తూచే వర్తకుల్ని సోమయాజులు గారు సర్వీసులో వందమందినైనా పట్టుకుని ఉంటారు. సీసం ఎక్కడ దాగుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? టేకు ముక్క కడుపులో తొర్ర చేయించి, కరిగించిన సీసం పోసి, పైన నల్లరంగు వేయించి, అద్దం ముక్క అతికించారు. ఆఫీసు సున్నితపు తక్కెడలో పెడితే నూట డెబ్భై మూడు గ్రాములు వచ్చింది. గీకి గీకి సరిగ్గా నూట డెబ్భై రెండుకి తెచ్చారు. ఒక గ్రాము ఎక్కువతో ఊరుకోవడం ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. ఒక తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. రెండోది, ఎవరికీ దొరక్కూడదని త్రివిక్రమరావు గారు క్యాలెండరు వెనక మేకుకి తగిలించి, ఆ సంగతి అందరికీ చెప్పి ఉంచారు.

మర్నాడు సోమయాజులు గారు ఆరు గడులూ నింపారు. ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదు. తెగిన మూలకి తానే సూదితో రెండు కుట్లు వేసుకుని, గాజు మూత కిందనుంచి తీసిన తన చిన్నఫోన్ జేబులో వేసుకున్నారు.

*

నెల తర్వాత రాష్ట్ర సంచాలకురాలు వసుంధరాదేవి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. తెల్ల తొడుగులు వేసుకుని, గాజు మూత తీయించి, పరికరాన్ని తానే కొలిచారు, తూచారు. సోమయాజులు గారు ఆవిడ వేళ్ళ వైపే చూస్తున్నారు. తెలిస్తే ఉద్యోగం పోవడం తరవాతి సంగతి. ముందు ఫోన్ పోతుంది, ఈసారి సమ్మెట కిందికే.

"నెలరోజుల్లో గ్రాము కూడా తేడా రాలేదే! అద్భుతం. బ్యాటరీ పరిస్థితి?"

"ఖర్చు కావడం లేదు మేడమ్," అన్నారు త్రివిక్రమరావు గారు.

"వేడి?"

"చల్లగా ఉంటోంది మేడమ్. మొదట్లో కాలేది. ప్రమాణం హోదా వచ్చాక నెమ్మదించింది."

"చిన్న ఫోన్‌లతో ఉన్న రెండు పెద్ద సమస్యలూ ఇక్కడ పరిష్కారమైపోయాయి!" వసుంధరాదేవి గారు కార్యదర్శి కోసం చూడకుండానే చెప్పడం మొదలుపెట్టారు. "రాసుకోండి. నాలుగు కొలతల్లోనూ దీనికి అచ్చంగా సరిపోయే పరికరాలనే అన్ని జిల్లాల ఉద్యోగులకీ..."

అప్పుడు సోమయాజులు గారి ఫోన్ మోగింది.

పాతకాలపు గంట మోత. గదంతా నిండిపోయింది. అందరి తలలూ ఒక్కసారి గాజుపెట్టె వైపు తిరిగాయి. పల్చటి చొక్కాలోంచి జేబు లాంతరులా వెలుగుతోంది. చూసింది రెహానా ఒక్కతే. చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, అందరికంటే భక్తిగా గాజుపెట్టె వైపు తిరిగింది.

"ఎవరూ ముట్టుకోకండి!" అన్నారు సంచాలకురాలు గుసగుసగా.

త్రివిక్రమరావు గారు చేతులు పక్కలకి ఆనించి నిటారుగా నిలబడ్డారు. కూర్చున్నవాళ్ళందరూ లేచారు. సంచాలకురాలు కూడా తొడుగులు సర్దుకుని నిలబడ్డారు. సోమయాజులు గారు జేబు వైపు చెయ్యి వెళ్ళకుండా చేతులు వెనక్కి కట్టుకున్నారు. తొమ్మిదిసార్లు మోగి ఆగింది.

"మోతలో స్పష్టత గమనించారా?"

"గమనించాను మేడమ్. మూత తీసి ఉండటంవల్ల దగ్గర్లోనే మోగినట్టుంది."

"రిజిస్టరులో మోతలకి గడి ఉందా?"

"ఇప్పుడే గీయిస్తాను మేడమ్. సోమయాజులు గారూ, ఏడో గడి. మోతలు తొమ్మిది. సంతకం పెట్టండి."

సోమయాజులు గారు గడి గీసి, 'తొమ్మిది' అని రాసి, సంతకం పెట్టారు. ఒక్క నిమిషం అనుమతి అడిగి వసారాలోకి వచ్చి, స్తంభం చాటుకి వెళ్ళి, ఆ నంబరుకి చేశారు.

"బాబూ, టీలెన్ని తెమ్మంటారు? ఫోనెత్తరేటి?" అంది పైడమ్మ, వీధి చివరి టీకొట్టు దగ్గర్నుంచి.

"ఎనిమిది తీసుకురా. ఎత్తడానికి వీల్లేకపోయింది. అందరూ లేచి నిలబడ్డారు."

"ఏటయిపోనాది బాబూ?"

"ఏం కాలేదు. నువ్వు ఫోన్ చేశావని నిలబడ్డారు."

అవతల గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నాను సేసినందుకా? మన సారు కూడానా?"

"మన సారూ, ఆ పెద్దమేడమూ, అందరూ. ఆగిందాకా నిలబడే ఉన్నారు."

"ముప్పై ఏళ్ళయి ఆ గదిలోకి టీలట్టుకెల్తన్నాను బాబూ. కాళ్ళయినా ముడిసినోడు లేడు." పైడమ్మ గొంతు మెల్లగా నవ్వులోకి దిగింది. "ఇంకోపాలి సేసీమంటారా?"

సోమయాజులు గారు కిటికీలోంచి లోపలికి చూశారు. సంచాలకురాలు, త్రివిక్రమరావు గారు, మిగతావాళ్ళు అప్పుడప్పుడే కుర్చీలు జరుపుకుని కూర్చుంటున్నారు.

"ఒక్క నిమిషం ఆగు," అన్నారాయన. "నేను లోపలికెళ్ళాక చెయ్యి."